రిజిస్టరులో మా తాత వృత్తి

ఎనభైల మొదట్లో నేను భిలాయి ఉక్కు ప్లాంటులో అప్రెంటిస్‌ని. మా మెథడిస్టు చర్చి వార్షికోత్సవ సంచికకు మా కుటుంబ చరిత్ర రాస్తూ, బస్తరులోని మిషన్ బడికి మా తాత హెడ్మాస్టరని రాసేశాను.

"బడి తుడిసి గంట కొట్టీవోడురా, బాబూ. అదే రాయి" అంది నాయనమ్మ. నేను వినలేదు.

మా పాస్టర్లకు బదిలీలుంటాయన్న సంగతి మరిచాను. కొత్తగా వచ్చిన పాస్టరుగారు అంతకుముందు పనిచేసింది బస్తరులో ఆ బడి ఉన్న మిషన్ చర్చిలోనే! మమ్మల్ని సంతోషపెట్టాలని, అక్కడి రిజిస్టరు నుంచి మా నాన్న బాప్తిస్మం వివరాలు రాయించి తెప్పించారు. సంచిక పంచిన ఆదివారం అందరి ముందూ చదివారు.

"తండ్రి వృత్తి, బడి స్వీపరు."

తర్వాత సంచికలో నా వ్యాసం తీసి పైకి చదువుతూ, 'హెడ్మాస్టరు' దగ్గర ఆగిపోయారు. చర్చంతా నావైపు తిరిగింది.

నాయనమ్మ బెంచీ పట్టుకుని లేచింది. "నానే తప్పు సెప్పినానయ్యగారూ. సదువులేని దాన్ని. ఆడికేటి తెలుసు?"

ఎన్నడూ అబద్ధమాడని మనిషి, నాకోసం చర్చిలో ఆడింది. నేను లేచి నిజం చెప్పాల్సింది. పాటల పుస్తకంలో ముఖం దాచుకున్నాను.

తాత చీపురుకు సిగ్గుపడినవాణ్ణి. సిగ్గుపడాల్సింది దేనికో ఆ బెంచీ మీదే తెలిసింది.