నా బండికి గాలి కావాలి

బరంపురం నుంచి తప్తపాణి వెళ్లే షేర్ కారును ఆ రోజు యాభై ఏళ్లావిడ నడిపింది. పేరు అడగలేదు. మిట్టమధ్యాహ్నం ఘాటీ ఎక్కుతుంటే కొత్త బళ్లు కూడా ఆయాసపడుతున్నాయి. మా డొక్కు కారు మాత్రం ఒక్కచోటా మొరాయించలేదు.

పైన టీ బడ్డీ దగ్గర ఆగాక, అదెలాగని అడిగాను. ఆవిడ బానెట్ ఎత్తి, ఇంజను గాలి పీల్చుకునే గొట్టం మీద నా చెయ్యి పెట్టించింది. అంత ఎండలోనూ అది కాలలేదు.

“ఇది మునుపు రేడియేటర్ ఎనకాల ఉడుకుగాలి పీల్చీది బాబూ. ఉడుకుగాలి పలసన, బండికి బలమెక్కడిది? మెకానిక్కి ఒడియాలో సెప్తూ సెప్తూ, నా బండికి సల్లటి ‘గాలి’ కావాలనీసినాను.”

ఒడియాలో గాలి అంటే తిట్టు. నాకు నవ్వొచ్చింది.

“ఆడూ నవ్వినాడు. ఆ తరవాత నిజంగానే తిట్టినాడు. ఆడదానికి ఇంజను గురించి ఏటి తెలుస్తాదన్నాడు. ఆడిచ్చిన గాలి ఆడికే ఒగ్గీసి ఒచ్చినాను. నేనే గొట్టాన్ని ముందు జాలీ దాకా లాగి, ఇంజను వేడి తగలకుండా రేకు అడ్డం పెట్టినాను. ఇప్పుడు సూడు, ఈ ఘాటీలో నా ముందు ఎవుడెల్తాడో!”

బానెట్ దభీమని మూసి, ఎక్కమంది.

మా ఆఫీసులో పెద్దసారు ఇప్పటికీ అందరి ముందూ ఒడియాలో గాలి ఇస్తుంటాడు. ఒకప్పుడు తల దించుకునేవాణ్ణి. ఇప్పుడు దాన్ని తెలుగు గాలే అనుకుని నిండా పీల్చుకుంటాను. ఆ తర్వాత నా మాట నేను చెప్తాను.