తోడికోడలి చావుకు రాసిన కారణం

యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కాజాలు తీసే పని ఆమెది. అందుకే అందరికీ కాజాలక్క. హెరాయిన్ అలవాటు చేసింది భర్త. ఒకే సూది, ముందు అతను, మిగిలింది ఆమె. ఒకనాడు అతను బస్టాండులో కుప్పకూలితే, దారినపోయేవాళ్ళు నలుగురు మోసుకెళ్ళి చికిత్స కేంద్రంలో చేర్చారు. ఇప్పుడక్కడ మంచం మీద ఒళ్ళు చేస్తున్నాడు.

రెండుసార్లు తనంతట తాను మానబోయి ఓడిపోయిన కాజాలక్క, తనకూ ఒక మంచం అడగడానికి అక్కడికే వెళ్ళింది.

గుమాస్తా రిజిస్టరు తిప్పాడు. "నిరుడు మన వార్డులో దీనితో పోయింది పంతొమ్మిది మంది, అందరూ మగాళ్ళే. ఆడవాళ్ళు సున్నా. సున్నాకి మంచాలెవరిస్తారమ్మా?"

పక్క బల్ల నుంచి డాక్టరమ్మ తలెత్తింది. "మగాళ్ళు ఎక్కువమంది పోతారు, నిజమే. కానీ ఈ అలవాటు లేని ఆడవాళ్ళ పక్కన అలవాటున్న ఆడవాళ్ళని పెట్టి చూడు, ఎన్ని రెట్లు పోతున్నారో. ఆ సున్నాని నేను నమ్మను. రుజువు తెస్తే పైవాళ్ళతో పోట్లాడతాను."

రుజువు కాజాలక్క దగ్గరే ఉంది. నిరుడు ఆమె తోడికోడలు గదిలో గడియ పెట్టుకుని సూది వేసుకుంది. తలుపు పగలగొట్టేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది. సూది దాచింది అత్తగారు. గుండె ఆగిందన్న కాగితం మీద సాక్షి సంతకం చేసింది కాజాలక్క. పరువు నిలబెడుతున్నాననుకుంది, తన మంచం తానే కొట్టివేసుకుంది. ఇది ఒక్క కొంప చేసిన తప్పు కాదు. మగవాడి చావును వీధి చూస్తుంది. ఆడదాని చావును ఇల్లు కడిగేస్తుంది. కడిగిన నేలను చూసి ప్రభుత్వం, ఇక్కడేమీ జరగలేదని రాసుకుంటుంది.

తోడికోడలి చావు కారణం సవరించాలంటే ఇంటిపెద్ద సంతకం కావాలన్నారు వార్డు ఆఫీసులో. కాగితం తెచ్చి, ఉతికిన బట్టలు మడతపెడుతున్న అత్తగారి ముందు పెట్టింది.

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందే. పోయినదాన్ని బజారుకీడుస్తావా?"

"మీ అబ్బాయిని బజారే కదా బతికించింది, అత్తయ్యా."

"వాడు మగాడు. రెండ్రోజులు చెప్పుకుని మర్చిపోతారు."

"మరి నేను?"

అత్తగారు దిండుగలీబు మడత సరిచేసింది. "నీకేదైనా అయితే దానికి చేసినట్టే చేస్తాను. ఒక్క నోటా మాట రానివ్వను."

ఆ మాట ప్రేమతోనే అంది. కాజాలక్క సంతకం పడని కాగితాన్ని మడిచి తీసుకుంది.

మర్నాడు పొద్దున ఆమె కార్ఖానాకు పోలేదు. కూరగాయల మార్కెట్టు వెనక, మగవాళ్ళు సూదులు వేసుకునే గోడ దగ్గరకు వెళ్ళి నిలబడింది.

"ఏంటక్కా, దారి తప్పావా? ఇది మగాళ్ళ క్యూ," అన్నాడొకడు.

"ఇంట్లో వేసుకుని పడిపోతే ఎవరికీ కనబడను. ఇక్కడైతే కాళ్ళకడ్డం పడతాను. ఊపిరుంటే కేంద్రానికి మోసుకెళ్ళండి. లేకపోతే, ఉన్నదున్నట్టు రాయించండి."

వేళాకోళం చేసినవాడే లేచి, రోడ్డున పోయేవాళ్ళకు కనబడే చోటు ఆమెకిచ్చాడు.