పై రూముల గ్రీసాయన

మా ఇల్లు సంగారెడ్డిల కొత్త బస్టాండు ఎనక గల్లీల ఉన్నది. కింద మేముంటం. పైన ఒక రూము, దానికి ఆనుకొని రేకుల వంటిల్లు. ఆ పై రూము ఎప్పుడూ కిరాయికే ఇస్తం. పాశమైలారం కంపెనీలల్ల పనిచేసే ఒడిశా, బీహారు పిలగాండ్లు ఇద్దరు ముగ్గురు కలిసి ఉండేటోళ్లు. ఒక్కసారి మాత్రం గ్రీసు దేశపాయన ఉన్నడు.

మా ఇంటాయన ఫిట్టరు. ఆయన పనిచేసే కంపెనీ, మందు సీసాలకు మూతలు బిగించే మిషను ఒకటి గ్రీసు నుంచి తెప్పించింది. దాన్ని కూర్చి నడిపించి చూపెట్టనీకి అక్కడి నుంచి ఒక మనిషిని పంపిన్రు. పటాన్‌చెరుల హోటల్ల దింపిన్రు. వారం పది రోజుల పనే అనుకున్నరు. సగం బిగించినంక చూస్తే ఒక సామాను రాలే, ఓడల ఎక్కడనో ఆగిపోయింది. అది వచ్చేదాకా పని సాగదు, ఆయనను పోనీకి కంపెనీ ఒప్పుకోదు. హోటలు ముంగట హైవే, తెల్లందాక లారీల మోత. నిద్రలేక కండ్లు ఎర్రగ చేసుకొని డ్యూటీకి వస్తుంటే మా ఇంటాయన చూడలేకపోయిండు. "మా ఇంటి మీద రూము ఖాళీగున్నది, గల్లీ నిమ్మళంగుంటది" అని చెప్పిండు. ఆయన సరేనన్నడు, మేనేజరు సరేనన్నడు. నాకు చెప్పింది అన్నీ అయిపోయినంకనే.

"గ్రీసంటే బేరింగులకు పెట్టేదే గద?" అన్నది మా అత్తమ్మ.

"గది వేరేనే అమ్మా. ఇది దేశం పేరు."

"ఏమో మరి. మనిషన్న మంచోడేనా?"

యాభై దాటిన మనిషి. బట్టతల, ఒత్తు కనుబొమలు. రెండు బ్యాగులు, పొడుగు కాడ ఉన్న చిన్న ఇత్తడి గిన్నె పట్టుకొని దిగిండు. ఆ గిన్నెలనే కాఫీ కాసుకునేటోడు. పొడి వడగట్టకుంటనే తాగుతడు, అడుగున బురద లెక్క మిగుల్తది. నేను ఒక్కసారి రుచి చూసి మల్ల అడగలే.

మాట్లాడాలంటే ఫోనే దిక్కు. ఆయన తన భాషల చెప్తే ఫోను తెలుగుల పలికేది. "దయచేసి నాకు కొంచెం ఉప్పు ఇవ్వగలరా" అని ఫోను అనంగనే మా అత్తమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "రేడియోల వార్తలు సదివినట్టున్నది" అన్నది. మా అత్తమ్మ మాట మాత్రం ఫోనుకు సమజ్ అయ్యేది కాదు. "ఏం బిడ్డా, బువ్వ తిన్నవా" అంటే ఇంకేందో చెప్పేది, ఆయన బీరిపోయి చూసేటోడు. అందుకే ఆమె అన్నది నేను పుస్తకం తెలుగుల తిప్పి చెప్పేదాన్ని. ఆరో తరగతిల చదివిన తెలుగు నాకు గట్ల అక్కరకొచ్చింది.

పనిలేని రోజులల్ల మధ్యాహ్నం తిని పండుకునేటోడు. తన ఊర్ల ఎండపూట దుకాణాలన్నీ మూస్తరట, మల్ల పొద్దు వాలినంకనే తెరుస్తరట. అందరూ పండుకుంటరట. "మంచి ఊరు" అన్నది మా అత్తమ్మ. ఆమె కూడ చేన్ల పని బందువెట్టినప్పటి సంది మధ్యాహ్నం ఒక కునుకు తీస్తది. నేను తిట్టినప్పుడల్ల ఇగ ఆ ఊరి ముచ్చట చెప్పేది.

పొద్దుమీకంగ మాత్రం కిందికి దిగి గల్లీల ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేటోడు. పక్కింటామె నన్ను గోడ కాడికి పిలిచి అడిగింది, "మీ సారువి ఏమన్న పోయినయా? రోజూ ఎతుకుతున్నడు" అని. నాకూ అదే అనుమానం ఉండె. ఫోన్ల అడిగిన.

ఏమీ పోలేదట. వాళ్ల ఊర్ల సాయంత్రమైతే మంచి బట్టలేసుకొని ఊరు ఊరంత పెద్ద రోడ్డు మీదికి వస్తదట. అటు పోతరు, ఇటు వస్తరు, ఎవరన్న కలిస్తే నిలబడి మాట్లాడతరు.

"ఏం పనిమీద?" అన్న.

"ఏ పనీ లేదు" అన్నది ఫోను.

నేను పెండ్లయి జోగిపేట నుంచి ఈ ఊరికి వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. పిల్లల బడి, రేషన్ దుకాణం, కూరగాయల మార్కెట్, సర్కారు దవాఖాన, బస్టాండు, ఇవన్నీ తెలుసు. కలెక్టరాఫీసు కూడ ఒకసారి పోయిన. అన్నీ పనిమీదనే. పని అయితే జల్దీ ఇంటికి. ఊరు చూడాలని ఇంట్ల నుంచి అడుగు బయటపెట్టింది లేదు. ఆ మాటే మా అత్తమ్మతోని అన్న. ఆమె చెప్పులేసుకొని, "నడు, మనం గూడ పోదాం. ఎవడన్న అడిగితే పనిలేదని చెప్దాం" అన్నది.

గట్ల మొదలైంది. ముంగట ఆయన, ఎనక మేమిద్దరం. పాత బస్టాండు దాక పోయి, పెద్ద రోడ్డు మీద నడిచి, చీకటి పడకముందు మహబూబ్‌సాగర్ చెరువు కట్ట మీద కూసుండేది. మొదటి రెండు రోజులు నా చేతులు ఊకె ఉన్నట్టు అనిపించి, సంచి లేకపోతే నడవనీకి రాలే. మూడోనాటికి అలవాటైంది.

ఒక ఆదివారం మా ఇంటాయన కూడ వచ్చిండు. నిజాం కాలం నాటి పాత జైలు చూడనీకి పోయినం. ఇప్పుడది మ్యూజియం. మా అత్తమ్మ గేటు కాడనే ఆగింది. "టికెట్ కొనుక్కొని ఎవడన్న జైలుకు పోతడా?" మేము చూసి వచ్చేదాకా బయట చెట్టు కింద కూసున్నది. లోపల తిరుగుకుంట గ్రీసాయన చెప్పిండు, వాళ్ల ఊరిని టర్కీ సుల్తాన్లు ఏలిన్రట. ఆ కాలం నాటి మసీదొకటి అంగడి పక్కన ఇప్పటికీ ఉన్నదట. ఏలినోళ్లు పోయినంక వాళ్లు కట్టినయి ఏం చేసుకోవాల్నో ఎవ్వరికీ తెల్వదని ఆయన అంటే మా ఇంటాయన తలూపిండు.

తన ఊరు ఎట్లుంటదంటే అరచేతిల పెట్టి చూపెట్టిండు. చదును నేల, దూరంగ గుట్టలు, నడుమల ఊరు. ఎత్తుపల్లాలు లేవు కాబట్టి ముసలమ్మలు కూడ సైకిలు మీదనే బజారుకు పోతరట. చుట్టూ పత్తి, అండ్ల ఆయనది గూడ కొంత చేను ఉన్నదట. నన్ను కూడ అడిగిండు, సంగారెడ్డి అంటే ఎవరని. ఎవరో రాణి కొడుకు పేరు మీద పెట్టిన్రని బడిల చెప్పిన్రు, అంతకుమించి నాకు తెల్వదు. అదే చెప్పిన.

వినాయక చవితి ఇంకా రాలే. ఒకనాడు పొద్దుగాల ఆయన చాయ్‌కి కిందికి రాలే. పోయి చూస్తే మెట్ల మీద ఫోను పట్టుకొని కూసున్నడు. నాకు చూపెట్టిండు. ఎర్రటి నీళ్లు గల్లీలల్ల పారుతున్నయి. కార్లు తేలుతున్నయి. ఒక ఇంటి కిటికీ దాక నీళ్లున్నయి, ఆ ఇల్లు ఆయనదే. ఆయన భార్య పక్కింటోళ్ల పై అంతస్తుల ఉన్నదట, పానం మంచిగనే ఉన్నదట. కానీ చేన్లు మునిగినయి. పత్తి పగిలే టైముకే వచ్చింది వాన.

మా ఇంటాయన కంపెనీకి ఫోన్ చేసి, టికెట్ చేయిస్తరా అని అడిగిండు. చేయిస్తమన్నరు. గ్రీసాయననే వద్దన్నడు. విమానం దిగినా ఊర్లకు తొవ్వ లేదు, వంతెనలు తెగినయి.

మా అత్తమ్మ మోకాళ్లు పట్టుకుంట మెట్లెక్కి ఆయన పక్కన కూసున్నది. "మా ఊరు గూడ నీళ్లల్లనే ఉన్నది బిడ్డా" అన్నది.

ఫోనుకు తెలియలే. నేను చెప్పిన, "మా అత్తగారు పుట్టిన ఊరు కూడా నీటిలోనే ఉన్నది" అని.

ఆయన తలెత్తి చూసిండు. ఆ నీళ్లు ఎప్పుడు దిగుతయని అడిగిండు.

"దిగయి" అన్నది మా అత్తమ్మ. "డ్యాం కట్టిన్రు గద."

తర్వాతి ఆదివారం మా ఇంటాయన దోస్తు కారు అడిగి అందరం సింగూరు పోయినం. శివ్వంపేట కాడ మంజీర దాటి, జోగిపేట రోడ్డు మీద కొంతదూరం పోయి ఎడమకు తిరిగినం. డ్యాం నిండుగ ఉండె. చూడనీకి నీళ్లు తప్ప ఏం లేదు. మా అత్తమ్మ కట్ట మీద నిలబడి చెయ్యి చాపింది.

"అగో, గటు. గా పడవ ఉన్న కాడికి ఇంకా అవతల. గాడ మా ఇల్లు. గాడ హన్మాండ్ల గుడి. ఈ ఒడ్డుకు మా మక్క చేను."

ఆమె ఈ కోడలికి కూడ అంత వివరంగ ఎన్నడూ చెప్పలే. ఊరు ఖాళీ చేసేనాడు వాళ్ల నాయిన దర్వాజలు పీకి, దూలాలు దించి, ఎడ్లబండి మీద ఏసుకొని వచ్చిండట. అప్పటికే ఆమె పెండ్లయి సంగారెడ్డి పక్క ఊర్ల కూలికి పోతుండె. తెలిసి పోయేసరికి గోడలే నిలబడి ఉండెనట. "తలుపుల్లేని ఇల్లు సూడబుద్ధి కాలే, మర్లి వచ్చిన" అన్నది.

"కోపం రాలేదా" అని ఫోను అడిగింది.

"వచ్చింది. ఎవని మీద పడాలె? గీ నీళ్లే పట్నపోళ్లు తాగుతున్నరు. మనింట్ల నల్లాల వచ్చేది గూడ మంజీర నీళ్లే. తాగొద్దంటే ఎట్ల?"

నేను చెప్పింది ఆయన రెండుసార్లు విన్నడు. మా అత్తమ్మ చెయ్యి పట్టుకొని కట్ట దింపిండు.

వచ్చేటప్పుడు రోడ్డు పక్కన పత్తిచేను కనబడితే కారు ఆపమన్నడు. చెట్లు ఎక్కువ కాయ మీదనే ఉన్నయి, అక్కడక్కడ మాత్రం తెల్లగ పగిలినయి. ఆయన చెప్పులు విడిచి చేన్లకు దిగి, ఒక కాయ ఒలిచి పత్తిని వేళ్లతోని సాగదీస్తుండు. అంతల ఆ కొస నుంచి ఒకాయన కట్టె పట్టుకొని, "ఎవడ్రా చేన్ల?" అని ఉరికొచ్చిండు.

"ఊకో తమ్మీ, ఆయన గూడ పత్తి రైతే. పంట మునిగింది" అన్నది మా అత్తమ్మ.

ఆ మనిషి ఆగిండు. పైనుంచి కింది దాక చూసి, "ఏ ఊరు?" అన్నడు.

"శానా దూరం."

ఆయన కట్టె కింద పెట్టి, మంచిగ పగిలిన కాయలు రెండు తెంపి చేతిల పెట్టిండు. ఇద్దరు గట్టు మీద కూసొని ఫోను లేకుంటనే, పురుగు ఎక్కడ పడ్తదో, కాయ ఎందుకు రాల్తదో వేళ్లతోని చూపెట్టుకున్నరు. మేము కార్ల కూసొని ఎదురుచూసినం.

చవితి అయి గణపతులు నీళ్లల్ల పడ్డంక ఆ సామాను వచ్చింది. ఆయన, మా ఇంటాయన మూడు షిఫ్టులు వరుసగ నిలబడి బిగించిన్రు. మిషను నడిచింది. మరునాడే వెళ్లిపోయిండు. గల్లీ వాళ్లంత బయటికొచ్చి చూసిన్రు. మా అత్తమ్మ సకినాలు కట్టి ఇచ్చింది. సంచిల జాగ లేకపోతే జేబుల్ల పెట్టుకున్నడు.

మేము ఇంకా కొన్నాళ్లు నడవనీకి పోయినం. తర్వాత మా ఇంటాయన షిఫ్టు మారింది, మా అత్తమ్మ మోకాలు వాచింది, తగ్గింది. ఇప్పుడు తీరినప్పుడు పోతం, తీరకపోతే లేదు. పై రూముల మల్ల ఒడిశా పిలగాండ్లు దిగిన్రు. రాత్రి డ్యూటీ చేసి పగలు పండుకుంటరు, అందుకని మధ్యాహ్నం టీవీ సప్పుడు తగ్గిస్తం.

దీపావళి అయినంక ఒకనాడు ఆయన వీడియో కాల్ చేసిండు. బురద ఎత్తిపోసిన ఇల్లు, గోడ మీద నీళ్లు నిలిచిన గీత, ఆరబెట్టిన కుర్చీలు చూపెట్టిండు. తర్వాత ఫోను ఆయన భార్య చేతికి పోయింది. పొట్టి మనిషి, నెత్తికి గుడ్డ కట్టుకొని, చేతిల బ్రష్షున్నది. వీడియో నడుస్తుంటే ఫోన్ల తెలుగుల తిప్పి చెప్పేది పనిచేయలే. అయినా ఆమె ఆపలే. గోడ చూపెట్టుకుంట, చెయ్యి తిప్పుకుంట ఏందేందో చెప్తనే ఉన్నది. మా అత్తమ్మ కూడ, "అవ్ బిడ్డా, సున్నం ఏస్తే గాని పోదు. ముందుగాల మంచిగ ఎండనియ్యి" అని ఈ దిక్కు నుంచి చెప్తున్నది. చానాసేపు గట్లనే ఎవరి భాషల వాళ్లు మాట్లాడుకున్నరు. పొయ్యి మీద అన్నం అడుగంటుతున్న వాసనొస్తే, మా అత్తమ్మ ఫోను నా చేతిల పెట్టి లోపటికి పోయింది.