తుంగలో రెండు రక్తపు చుక్కలు

మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ సగం చేసుకుని నమ్ముతుంది. కూర్మన్నపాలెం అవతల మా పల్లపు పొలం చెక్కలో పెరిగిన తుంగలో ఏనుగు దూరినా కనబడదని ఊరంతా చెప్పింది నేనే. నిజానికి అది నడుం దాటి ఎదిగిందంతే. కానీ ఈ భయంలో మాత్రం తీసివేతలు వద్దు.

నాన్న ఉన్నన్నాళ్లూ తుంగ మాకు శత్రువు. వరిలో ఒక్క దుంప మిగిలినా మడంతా తనదే అనేది. చుట్టూ కాలనీలు లేచి వాననీళ్లు కదలడం మానేశాక వరే కుళ్లిపోయింది. దాంతో ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసుకునే నేనూ, మా చెల్లెలి మొగుడూ చాపలకు పనికొచ్చే పొడుగు తుంగ పిలకలు తెచ్చి, తొలి వానలకు బురదలో నాటాం. మడమ మునిగేంత నీళ్లుంటే చాలు, బతిమాలించుకోకుండా పెరుగుతుంది. కాడకు కణుపులుండవు. వేళ్ల మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి, లోపలంతా మెత్తటి బెండు. పూత ముదరకముందే కోసి, నిలువునా చీల్చి ఎండబెట్టాలి. ముదిరితే అల్లేటప్పుడు విరుగుతుంది. వేరు కదపకపోతే మళ్లీ చిగురిస్తుంది.

కొడవలిని నేలకు సమంగా పెట్టి కోయాలని తెలుసు. కోత రోజున బురదలో వంగలేక ఏటవాలుగా లాగాం. తెగిన ప్రతి మొదలూ మేకులా నిలబడింది. చెప్పులు బురద లాగేసుకుంటోందని బావ (చెల్లెలి మొగుడే, ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం) వాటిని గట్టున విడిచాడు.

"బావా! ఏటో కరిసింది!"

పరుగెత్తాను. చీలమండ పక్కన పక్కపక్కనే రెండు రక్తపు చుక్కలు. వెనక తుంగ సరసరా ఊగి ఆగింది.

"పామేటి?"

"నాను సూడ్నేదు. సప్పుడిన్నాను."

పాము అనుమానం వస్తే మా వైపు ముందు వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదని ధైర్యం. గట్టు మీది రెమ్మ విరిచి ఇచ్చాను. అతను నములుతుంటే నేను అతని మొహమే చూస్తున్నాను.

"సేదుగా ఉందేటి?"

"నేదు బావా. ఉత్త గడ్డి నమిల్నట్టుంది."

రెమ్మంతా దూసేశాను. "ఇంకో గుప్పెడు నములు!"

"మేకననుకున్నావేటి?" అన్నాడు గానీ ఆ గుప్పెడూ నోట్లో వేసుకున్నాడు.

వీపున వేసుకుని రోడ్డెక్కాను. గాజువాక పోయే ఆటోలో జనం సర్దుకుని అతన్ని కూర్చోబెట్టారు.

"మీ సెల్లికి సెప్పకు," అన్నాడు.

"సెప్పకపోతే అది నన్ను కరుత్తాది."

అతను నవ్వలేదు. నా మణికట్టు పట్టుకున్న వేళ్లు వదల్లేదు. చెల్లెలికి ఏ మాటతో మొదలుపెట్టాలా అని దారంతా వెతికాను. ఇన్నేళ్లు కథలు అల్లిన నోటికి ఒక్క వాక్యం దొరకలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని రక్తం గాజు గొట్టంలో పోసి, గడ్డకడుతుందేమో చూడాలంది, కట్టకపోతే విషం ఎక్కినట్టేనట. అదే చూస్తూ కూర్చున్నాను. కట్టింది. వేపాకు సంగతి చెబితే, నోటికి ఏం రాశావని అతన్ని అడిగింది.

"పొద్దున్న పన్ను సలిపితే లవంగ నూనె రాసాను. నాలిక మొద్దుబారిపోనాది."

"ఆ ముక్క అక్కడే సెప్పొచ్చు గదరా!"

"నువ్వడగనేదు."

ఒక గాయంలోంచి పట్టకారుతో విరిగిన తుంగ మొన లాగింది. రెండోదాంట్లో ఏమీ దొరకలేదు. అదీ తుంగే కావచ్చట, కాకపోవచ్చట. సాయంత్రం దాకా కనిపెట్టి చూడాలంది.

ఆ 'కాకపోవచ్చు' పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నాను. ఇంతలో బావ కళ్లు మూసుకున్నాడు. కాటు పడ్డవాణ్ణి నిద్రపోనివ్వకూడదని పెద్దవాళ్లు అనేవారు.

"బావా, నెగు!"

లేవలేదు. తొడ మీద గట్టిగా గిల్లాను.

"నీ సెయ్యిరగ! పాము సంపకపోయినా నువ్వు సంపేత్తావు!"

నర్సమ్మ నన్ను బయటికి పంపేసింది. వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని, అతని పొట్ట లేవడం, దిగడం చూస్తూ నిలబడ్డాను. ఒకసారి దిగింది, వెంటనే లేవలేదు. కిటికీ రెక్క దబదబా బాదాను. పొట్ట లేచింది, కళ్లు తెరవకుండానే బావ నన్ను మళ్లీ తిట్టాడు.