గుమ్మంలో బాబాయి అడిగిన మాట

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. హాస్టల్లో అందరూ దుప్పట్లో దూరి వింటుంటే, లైటు వేసి "ఇక పడుకోండి" అని అరిచేదాన్ని నేనే. అలాంటిది ఇప్పుడు నేనే ఇది రాయాల్సి రావడం మరీ చిరాగ్గా ఉంది.

ముందు మా బాబాయి గురించి చెప్పాలి. మాది శ్రీకాకుళం. ఆయన మిలటరీలో పనిచేశారు. శాంతిసేనతో కాంగో వెళ్ళి, అక్కడి యుద్ధం మధ్య ఏడాది ఉండి వచ్చారు. వచ్చాక ఓ కొత్త అలవాటు పట్టుకుంది. సొంతిల్లయినా సరే, తిన్నగా లోపలికి వచ్చేవారు కాదు. చేతి ఉంగరంతో ద్వారబంధం మీద టకటకా రెండుసార్లు కొట్టి, "హోడి" అని ఆగేవారు. కాసేపు చూసి, తల వంచుకుని వచ్చేవారు. అదేం మాటో ఎవరం అడగలేదు. పైగా పిల్లలందరం "హోడి బాబాయి" అని పేరు పెట్టి ఏడిపించాం. పదకొండేళ్ళు అలాగే అడిగి అడిగి, ఒకరోజు గుండెపోటుతో పోయారు.

నేను కెనడాలోని హామిల్టన్‌లో కాలేజీకి వచ్చిన ఏడాది, ఒక్క పార్ట్‌టైమ్ జాబ్ కోసం మన పిల్లలు వీధి మలుపుదాకా క్యూ కట్టేవారు. ఎలాగో ఓ వృద్ధాశ్రమంలో భోజనం ట్రేలు అందించే పని దొరికింది. మూడో అంతస్తులో కాంగో నుంచి వచ్చిన పెద్దావిడ ఉండేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నర. రెండు చేతులతో ట్రే పట్టుకుని ఆవిడ గదిలోకి అడుగు పెట్టాను. లోపల ఆవిడ కూతురు కూడా ఉంది. నా వెనకాల టకటకా రెండు దెబ్బలు వినిపించాయి. చెక్క మీద ఉంగరం చప్పుడు. పెద్దావిడ నా భుజం మీదుగా గుమ్మంలోకి చూసి, నవ్వుతూ "కరీబు, కరీబు" అంది.

తిరిగి చూస్తే కారిడార్ ఖాళీ. ఆ తలుపూ ఫ్రేమూ రెండూ ఇనుపవే. తర్వాత నా ఉంగరంతో కొట్టి చూశాను, ఠంగుమంది.

కూతురు ఆవిడని వాళ్ళ భాషలో ఏదో అడిగి, ఇబ్బందిగా నవ్వింది. "సారీ, ఎవరో హోడి అన్నారంటోంది మా మమ్మీ. మా వైపు గుమ్మంలో అలాగే పర్మిషన్ అడుగుతాం. లోపలివాళ్ళు కరీబు, అంటే రండి అంటేనే వెళ్తాం."

ట్రే ఆవిడ ముందు బల్ల మీద పెట్టేశాను. ఎవరు కనిపించారో కనుక్కోమని బతిమాలాను. కూతురు అడిగింది. పెద్దావిడ చెంచా అందుకుని తినడంలో పడింది. మర్నాడు మళ్ళీ అడగబోతే, రెసిడెంట్స్‌ని విసిగించొద్దని సూపర్‌వైజర్ నన్ను వేరే అంతస్తుకి మార్చేసింది. ఒళ్ళు మండిపోయింది.

పిన్నికి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"అక్కడ కాంగోలో ఓ ఊరి మీద దాడి జరిగిందని మీ బాబాయోళ్ళు వెళ్ళేసరికే ఆలస్యమైపోనాదట. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి ఆ మాటే అడిగారట. ఏ ఇంట్లోనూ పలికినోళ్ళు లేరట."

"మాకెందుకు చెప్పలేదు పిన్నీ? ఎవరో ఒకరం పలికేవాళ్ళం కదా!"

"ఏటని పలకాలో నాకు తెలిస్తే కదమ్మా!" అని ఏడ్చింది.

పెద్దావిడ మతిమరుపు అనుకుందామంటే, చప్పుడు విన్నది నేను. నా భ్రమ అనుకుందామంటే, హోడి అన్న మాట అక్కడ నేనెవరికీ చెప్పలేదు. ఎటు తిప్పి చూసినా ఇప్పటికీ అంతు చిక్కడం లేదు.

మా మీద మాకు కోపం మాత్రం మిగిలింది. పదకొండేళ్ళు మనిషి సొంత గుమ్మంలో నిలబడి అడిగాడు. లోపలికి రండి బాబాయ్ అని తెలుగులో అన్నా సరిపోయేది.