నా చేతిలో తెల్లబడిన మైసూరు పటాలం

నూట నలభై నలుగురు సైనికులను, ఒక్క రక్తపుబొట్టు చిందకుండా, పదకొండు నిమిషాల్లో నాశనం చేసిన ఘనత నాది. ఏ సేనాపతికీ దక్కని ఈ కీర్తి నాకు బెంగళూరు శివారు చందాపురలోని మా బాల్కనీలో, ఆరేళ్ళ కిందటి ఒక శనివారం, సాయంత్రం నాలుగూ పదికి దక్కింది. సమయం డైరీలో ఉంది కనుక వాదనకు తావులేదు.

సైనికులంటే లోహపు బొమ్మలు. ఒక్కొక్కరు చిటికెన వేలిలో సగం. పాతకాలపు యుద్ధాలను బల్లమీద మళ్ళీ ఆడే సరదా మనుషులు ఈ నగరంలో కొందరున్నారు. వారి బొమ్మలకు చరిత్ర ఒప్పుకొనే రంగులు వేసి ఇచ్చే పని అప్పుడే మొదలుపెట్టాను. పగలు అత్తిబెలెలోని ఒక కర్మాగారంలో నాణ్యతా తనిఖీ చేసేవాణ్ణి. వెంట్రుకవాసి తేడా ఉన్న బోల్టును తిప్పిపంపే మనిషిని. నావంటివాడు పొరపాటు చేయడని నా గట్టి నమ్మకం. ఇంట్లో ఆ నమ్మకం నాకొక్కడికే ఉందన్న సంగతి అప్పటికి గమనించలేదు.

మొదటి ఆర్డరు నారాయణప్పగారిది. చిక్కపేటలో చీరల టోకు వ్యాపారి, మూడు తరాలుగా బెంగళూరు తెలుగువారు. వారికి కావలసింది మైసూరు పటాలం: ఊదారంగు చొక్కాలు, వాటిమీద తెల్లటి పులిచారలు.

"ఆదివారం పదింటికి నా బామ్మర్దితో యుద్ధం ఉండాదప్పా. వాడిది ఈస్టిండియా కంపెనీ సైన్యం. రంగు లేని బొమ్మని బల్ల మీద పెట్టనియ్యరు, అది మా రూలు. మూడేండ్లుగా వాడి చేతిలో ఓడిపోతా ఉండాను. ఈసారీ ఓడితే బొమ్మలన్నీ వాడికే ఇచ్చేసి ఆట మానుకుంటా."

నలభై ఒక్క సాయంత్రాలు కూర్చున్నాను. చొక్కాకు పద్దెనిమిది చారల చొప్పున రెండువేల ఐదువందల తొంభై రెండు చారలు గీశాను. మిగిలింది వార్నిష్ ఒక్కటే. రంగు చెరగకుండా డబ్బాతో చిమ్మే పలుచని పూత. గాలిలో తేమ ఉంటే అది తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. ఈ సంగతి డబ్బా వెనక రాసి ఉంది. నేను ముందువైపు మాత్రమే చదివాను.

నా భార్య సుగుణ నర్సు. డ్యూటీ నుంచి తడిసి వచ్చి, తల తుడుచుకుంటూ అంది: "ఏవండీ, బయట తుంపర పడుతోంది. రేపు పొద్దున కొట్టకూడదూ?"

"పదిహేను నిమిషాల్లో ఆరుతుందని డబ్బా మీద ఉంది."

"వర్షంలోనా?"

"బాల్కనీకి కప్పు ఉంది సుగుణా."

"గాలికి లేదుగా!"

ముందు ఒక్కడిమీద కొట్టి చూడాలి. అది ఈ వృత్తిలో పసిపిల్లలకు కూడా తెలిసిన విషయం. నేను మాత్రం నూట నలభై నలుగురినీ కవాతుకు నిలబెట్టి డబ్బా నొక్కాను. కొంచెం తెల్లబడ్డారు. బుద్ధిమంతుడైతే అక్కడ ఆగేవాడు. నేను పూత చాలలేదనుకుని రెండోసారి కొట్టాను. మరికొంత తెల్లబడ్డారు. మూడోసారి కొట్టాను. పదకొండో నిమిషానికి మైసూరు పటాలం ఇడ్లీపిండిలో పడి లేచిన చీమలబారులా ఉంది.

సుగుణ తొంగిచూసింది. "వీళ్ళకేమైంది?"

"ఏమీ కాలేదు. ఆరుతున్నారు."

"ఆరుతున్నారా, ఆరిపోయారా?"

అప్పుడే నారాయణప్పగారి ఫోను. "ఏమప్పా, పని ముగిసిందా?"

"ముగిసిందండీ," అన్నాను. నా జీవితంలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

తలకు కొబ్బరినూనె రాసుకుంటున్న సుగుణ జాలిపడి ఒక సిపాయిని చేతిలోకి తీసుకుంది. ఆమె బొటనవేలు తగిలినచోట పులిచార మళ్ళీ పైకి వచ్చింది! ఇద్దరం చెవిపుల్లలతో కూర్చున్నాం. ఆమె డెబ్భై మందికి, నేను డెబ్భై నలుగురికి నూనె పట్టించాం. బల్లదీపం వెచ్చదనంలో పటాలం నిగనిగలాడింది.

మర్నాడు నారాయణప్పగారు పెట్టె తెరిచి మురిసిపోయారు. తరువాత ముక్కు ఎగబీల్చారు. "ఏందో వాసన ఉండాదే?"

"వార్నిష్ అండీ," అన్నాను. ఇది రెండో తప్పు. డైరీలో విడిగా రాసుకున్నాను.

పదకొండూ ఇరవైకి ఫోను. "ఏమప్పా, ఏం చేసినావు? పదింటికి బాగానే ఉండిరి. ఏసీ వేసినారు, ఇప్పుడు ఒక్కొక్కడు సున్నం కొట్టిన గోడ మాదిరి ఉండాడు! 'మీ పటాలానికి చలేసిందా బావా' అని వాడు నగతా ఉండాడు. రంగు లేదు, ఎత్తేయమంటా ఉండాడు!"

చల్లబడితే కొబ్బరినూనె గడ్డకడుతుందని బెంగళూరులో తల దువ్వుకునే ప్రతివారికీ తెలుసు. నాణ్యతా తనిఖీ అధికారికి ఆ క్షణాన తెలిసింది. తేమ, వార్నిష్, నూనె, అబద్ధం, అన్నీ ఒక్క ఊపిరిలో ఒప్పేసుకున్నాను.

"అయితే ఏసీ ఆపితే?"

"కరుగుతుందండీ. రంగు కనబడుతుంది."

ఫోను కట్ అయింది. ఒంటిగంటా ఐదుకు మళ్ళీ మోగింది.

"గెలిచినానప్పా!"

"ఎలాగండీ?"

"ఏసీ ఆపించినా. సెల్లార్ హాలు, కిటికీ ఒక్కటీ లేదు, ముప్పై మంది జనం. నావాళ్ళకి రంగు తిరిగొచ్చింది. మావాడు దొరసేనాని మాదిరి ఎర్ర ఉన్నికోటు తొడుక్కొని వచ్చినాడు, మెడదాకా బొత్తాలు! చెమటలు కారిపోయి పన్నెండున్నరకే సంధి అన్నాడు. కోటు విప్పు రా అంటే, సేనాని కోటు విప్పడంట! ఇట్ల చూడప్పా, వచ్చే నెల ఏనుగుల దళం ఇస్తా. పూత మాత్రం ఇదే ఉండాల!"

ఏనుగులకు ఎంత నూనె పడుతుందో సుగుణ అప్పుడే లెక్క కట్టడం మొదలుపెట్టింది. నేను డైరీ తెరిచి, నిలబడి, ప్రతిజ్ఞ రాసి సంతకం చేశాను: తుంపర పడే రోజున వార్నిష్ డబ్బా మూత తీయను, తీసినా మొదట ఒక్క సైనికుడి మీదే కొడతాను, వాడు తెల్లబడితే, మిగిలిన నూట నలభై ముగ్గురినీ వాడికి తోడు పంపను.