గుమ్మానికి కట్టిన ఫెర్న్

ఇవాళ మా ఫెర్న్ మొక్కకు పూజ జరిగింది. చెట్ల కొమ్మలను పట్టుకుని మన్ను లేకుండా బతికే రకం అది. హైదరాబాదు నుంచి తెచ్చి, చెక్కకు కట్టి, పాలమూరు ఎండ తగలకుండా గుమ్మం పక్కన నీడలో వేలాడదీశాను. సాయంత్రం బడి నుంచి వచ్చి చూద్దును గదా, దాని నిండా పసుపూ కుంకుమా! ఇల్లు కిరాయికిచ్చిన అవ్వ పని.

“అవ్వా, అది పెంచుకునే మొక్క” అన్నాను.

“మన్ను లేని మొక్కను గుమ్మానికి కడ్తే దిష్టికి గాక దేనికి బిడ్డా? మేం కలబంద కట్టమా? అడుగాకులు సూడు, మీ ఇంటి దిష్టంత గుంజుకొని ఎట్ల ఎండినయో!”

అడుగాకులు ఎండడం దాని స్వభావమే. చెంబుతో నీళ్లు తెచ్చాను. పసుపు కడుగుతుంటే కింద ఓ లేత ఆకు కనబడింది. అవ్వ చూడకుండా చెక్కకు కాటుక చుక్క పెట్టాను. నవ్వకండి, మీరైతే పెట్టరా?